అప్‌గ్రేడ్ తర్వాత ప్లే నొక్కితే పియానో మోగుతోంది, ఫేడర్లు కదలడం లేదు

గదిలో మైకు
శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నిన్న ఒకేరోజు రెండు పనులు చేశాను. విండోస్ 10 నుంచి 11కి మారాను, ఆ వెంటనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసుకున్నాను. అప్పటి నుంచి ఏదీ చెప్పిన మాట వినడం లేదు.

నా దగ్గర ఉన్నవి రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, చిన్న మిడి (వాద్య పరికరాలు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి) కీబోర్డు, ఎనిమిది ట్రాక్ ఫేడర్లూ (ధ్వని పెంచి తగ్గించే జారుడు మీటలు) ఒక మాస్టర్ ఫేడరూ ఉన్న మోటార్ కంట్రోలర్. మొన్నటి దాకా కంట్రోలర్ మీద ప్లే నొక్కితే పాట మొదలయ్యేది, ఫేడర్లు వాటంతట అవే లేచి నిలబడేవి. ఇప్పుడు ప్లే నొక్కితే పాట కదలదు. దానికి బదులు, ఎంచుకున్న పియానో ట్రాక్‌లో పైస్థాయి స్వరం ఒకటి టింగుమంటుంది. స్టాప్ నొక్కితే దాని పక్క స్వరం. ఫేడర్ చేత్తో జరిపితే స్క్రీన్ మీద ఏమీ కదలదు. స్క్రీన్ మీద జరిపితే మోటార్ కదలదు.

ఇది చాలదన్నట్టు మౌస్‌తో ప్లే చేస్తే పాట చిటపటలాడుతోంది. నా గొంతు కూడా నాది కానట్టు, కాస్త పైశ్రుతిలో వినిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను, ఏం మారలేదు. 34 ట్రాకుల పాట సగం మిక్స్‌లో ఉంది, ఆదివారానికి ఇస్తానని మాటిచ్చాను. చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి ఎవరైనా దారి చూపించండి.

నల్ల కేబుల్
శుక్రవారం రాత్రి 9:31

ముందు మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఆపండి. సాఫ్ట్‌వేర్ తీసేసినా దాని సెట్టింగుల ఫోల్డరు చాలాసార్లు అలాగే మిగిలిపోతుంది. అందుకే ఎన్నిసార్లు వేసినా అదే తప్పు తిరిగొస్తుంది.

ఇప్పుడే చేయాల్సినది ఒకటుంది. పాట ఫోల్డరు మొత్తాన్నీ ఆడియో ఫైళ్లతో సహా వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. సెట్టింగుల ఫోల్డరు కూడా. కొత్త వెర్షన్‌లో ఒక్కసారి సేవ్ చేసిన ప్రాజెక్టును పాత వెర్షన్ తెరవలేకపోవచ్చు, అందుకే ఈ తొందర.

కాపీ అయ్యాక ఇవి చెప్పండి. కంట్రోలర్ నేరుగా కంప్యూటర్‌కి పెట్టారా, హబ్ మధ్యలో ఉందా? అప్‌గ్రేడ్‌కి ముందు ఉన్న యూఎస్‌బీ రంధ్రంలోనే పెట్టారా? సాఫ్ట్‌వేర్‌లో మిడి పోర్టుల జాబితా తెరిస్తే ఏయే పేర్లు కనిపిస్తున్నాయి? అక్షరం పొల్లుపోకుండా రాయండి.

పాత హెడ్‌ఫోన్
శుక్రవారం రాత్రి 9:40

నాకూ పోయిన ఏడాది ఇలాగే అయింది అన్నా. సెట్టింగులన్నీ రీసెట్ చేస్తే పోయింది. ఒక్క బటన్, రెండు నిమిషాల పని.

నల్ల కేబుల్
శుక్రవారం రాత్రి 9:46

పాత హెడ్‌ఫోన్ గారూ, మీకు పనిచేసి ఉండొచ్చు, కాదనను. కానీ రీసెట్ చేస్తే షార్ట్‌కట్లు, టెంప్లేట్లు, ప్లగిన్ ఫోల్డర్ల దారులు అన్నీ పోతాయి. ఆదివారం పాట ఇవ్వాల్సిన మనిషికి శుక్రవారం రాత్రి ఆ సలహా ఇవ్వలేను. పైగా తప్పు ఎక్కడుందో తెలియకుండానే అది మాయమవుతుంది. వచ్చే అప్‌డేట్‌కి మళ్లీ మొదటికే వస్తాం.

గదిలో మైకు
శుక్రవారం రాత్రి 10:15

కాపీ అయింది. హబ్ ఉందండీ, విడిగా అడాప్టర్ లేని నాలుగు రంధ్రాల హబ్. ఇంటర్‌ఫేస్, కంట్రోలర్, కీబోర్డు మూడూ దానికే పెట్టాను. అప్‌గ్రేడ్‌కి ముందు హబ్ వెనకవైపు ఉండేది. నిన్న టేబుల్ సర్దుతూ ముందువైపు రంధ్రంలోకి మార్చాను.

పోర్టుల జాబితాలో కంట్రోలర్ పేరు రెండుసార్లు ఉంది. రెండింటికీ ముందు "2-" అని ఉంది, ఒకదాని చివర "పోర్ట్ 2" అని అదనంగా ఉంది. ఆ "2-" ఇదివరకు లేదు, ఆ సంగతి నాకు బాగా గుర్తు.

ఎనిమిదో ఫేడర్
శుక్రవారం రాత్రి 10:38

మైకు గారూ, ప్లే నొక్కితే పియానో మోగుతోందంటే సంతోషించండి. అంటే కంట్రోలర్ బతికే ఉంది, కేబులు బాగుంది, సందేశం సాఫ్ట్‌వేర్ దాకా వస్తోంది. వచ్చినదాన్ని సాఫ్ట్‌వేర్ తప్పుగా చదువుతోంది, అంతే.

ఇలాంటి కంట్రోలర్లు ఎక్కువగా మాకీ కంట్రోల్ అనే పద్ధతిలో మాట్లాడతాయి. దానికంటూ కొత్త భాష లేదు, 1983 నుంచి ఉన్న మిడి సందేశాలనే వాడుకుంటుంది. ప్లే బటన్ అంటే నోట్ 94. స్టాప్ 93, రికార్డ్ 95, వెనక్కి 91, ముందుకి 92. పోర్టును కంట్రోలర్‌గా గుర్తుపెట్టుకున్న సాఫ్ట్‌వేర్ 94 రాగానే పాట మొదలుపెడుతుంది. ఆ గుర్తు చెరిగిపోతే దానికి అది కీబోర్డు మీద 94వ నోటు. పియానో ట్రాక్ "అన్ని మిడి ఇన్‌పుట్లు" అనే సెట్టింగులో ఉంటే ఆ స్వరమే మోగిస్తుంది. మీరు విన్న పక్క స్వరం 93.

ఊహతో పని లేకుండా దీన్ని కళ్లతో చూడొచ్చు. మిడి-ఆక్స్ లాంటి మిడి మానిటర్ ఒకటి తెరవండి. తెరిచేముందు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా మూసేయండి. విండోస్‌లో చాలా డ్రైవర్లు ఒక పోర్టును ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామ్‌కే ఇస్తాయి, రెండోది అడిగితే పోర్టు దొరకదంటాయి. తర్వాత ప్లే, స్టాప్, రికార్డ్ ఒక్కోసారి నొక్కి, మొదటి ఫేడర్ కింది నుంచి పైకి నెమ్మదిగా జరపండి. ఏ పోర్టులో ఏ అంకెలు వచ్చాయో ఇక్కడ రాయండి.

గదిలో మైకు
శుక్రవారం రాత్రి 11:20

చూశానండీ. అన్నీ "2-" ఉన్న మొదటి పోర్టులోనే వస్తున్నాయి, రెండో పోర్టులో ఏమీ రావడం లేదు. ప్లే 94, స్టాప్ 93, రికార్డ్ 95, మీరు చెప్పినట్టే. నొక్కగానే పక్కన 127, వదలగానే 0.

ఫేడర్ మీద వేలు పెట్టగానే, ఇంకా జరపకముందే, నోట్ 104 వచ్చింది. జరుపుతుంటే ఒకటో ఛానల్‌లో పిచ్ బెండ్ (మామూలుగా స్వరాన్ని వంచడానికి వాడే మిడి సందేశం) వరసలు వరసలుగా దిగాయి. వేలు తీయగానే 104 పక్కన మళ్లీ 0. ఇంకో సంగతి, గోరుతో నెడితే 104 రాలేదు! పిచ్ బెండ్ అంకెలు మాత్రం వచ్చాయి. మూడుసార్లు చేసి చూశాను.

ఎనిమిదో ఫేడర్
శుక్రవారం రాత్రి 11:41

చాలా జాగ్రత్తగా చూశారు. ఆ 104 చర్మం తగిలిందని చెప్పే సందేశం. ఎనిమిది ఫేడర్లకీ 104 నుంచి 111 వరకు, మాస్టర్‌కి 112. వేలు ఉన్నంతసేపూ మోటారును లాగకూడదని దానివల్లే తెలుస్తుంది. గోరు తగిలితే స్పర్శ తెలియదు కాబట్టి మోటారు మీతో పోట్లాడి ఫేడర్‌ను వెనక్కి లాగుతుంది. చాలామంది అది చూసి మోటారు పాడైందని రిపేరుకి ఇస్తారు, పాపం.

ఫేడర్‌కి పిచ్ బెండ్ వాడటానికీ కారణం ఉంది. మామూలు కంట్రోల్ సందేశంలో 128 మెట్లే ఉంటాయి, పిచ్ బెండ్‌లో 16,384. గొంతు మెల్లగా తగ్గుతూ పోయే చోట 128 మెట్లయితే చెవికి ఆ మెట్లు వినపడే ప్రమాదం ఉంది.

మీ పరికరంలో లోపం లేదని తేలిపోయింది. ఇక సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి కంట్రోలర్లను జోడించే కంట్రోల్ సర్ఫేస్ పేజీ తెరవండి. అందులో పాత ఎంట్రీ ఉండి, ఇన్‌పుట్ ఖాళీగానో బూడిదరంగులోనో ఉండాలి. "2-" లేని పాత పేరు కోసం అది ఇంకా వెతుక్కుంటోంది.

నల్ల కేబుల్
శుక్రవారం రాత్రి 11:52

ఆ "2-" ఎందుకొచ్చిందో నేను చెప్తాను. ప్రత్యేకమైన సీరియల్ నంబరు లేని యూఎస్‌బీ పరికరాన్ని విండోస్ అది పెట్టిన రంధ్రాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. రంధ్రం మారితే దాని లెక్కలో అది కొత్త పరికరం. పాతదాని పేరు ఇంకా రికార్డులో ఉంటుంది కాబట్టి కొత్తదానికి ముందు అంకె తగిలిస్తుంది. మీ విషయంలో హబ్ వెనక నుంచి ముందుకు రావడమే కారణమని నా నమ్మకం. మారినవి రెండని రాశారు, నిజానికి మూడు మారాయి.

డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ తెరిచి, దాచిన పరికరాలు చూపించమని చెప్పండి. వెలిసిపోయిన ఐకాన్‌తో పాత కంట్రోలర్ కనిపిస్తుంది. మీ కంట్రోలర్ పేరున్న వెలిసిన ఎంట్రీని మాత్రమే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. మిగతా వెలిసినవాటి జోలికి పోవద్దు.

గదిలో మైకు
శనివారం ఉదయం 8:05

రాత్రి నిద్రపట్టలేదు, ఆరింటికే కూర్చున్నాను. పాత ఎంట్రీ సరిగ్గా మీరు చెప్పినట్టే బూడిదరంగులో ఉంది. దానికి "2-" మొదటి పోర్టును ఇన్‌పుట్‌గా ఇచ్చాను. ప్లే నొక్కితే పాట మొదలైంది! కళ్లు చెమర్చాయండీ, నిజంగా.

కానీ ఫేడర్లు ఇంకా లేవడం లేదు. చేత్తో జరిపితే స్క్రీన్ మీద కదులుతోంది, స్క్రీన్ మీద జరిపితే ఇక్కడ కదలదు. పియానో కూడా ఇంకా మోగుతూనే ఉంది, ఇప్పుడు పాటతో కలిసి.

ఎనిమిదో ఫేడర్
శనివారం ఉదయం 8:22

అవుట్‌పుట్ పోర్టు ఇచ్చారా? ఇన్‌పుట్ ఒక్కటే ఇస్తే మీరు చెప్పేది సాఫ్ట్‌వేర్ వింటుంది, కానీ తిరిగి చెప్పడానికి దానికి దారి ఉండదు. మోటార్లు, లైట్లు, డిస్‌ప్లే అన్నీ ఆ తిరుగు దారి మీదే బతుకుతాయి. అదే పేరున్న మొదటి పోర్టునే అవుట్‌పుట్‌గా ఇవ్వండి. రెండో పోర్టు చాలా కంట్రోలర్లలో వెనకున్న గుండ్రటి మిడి సాకెట్ కోసం ఉంటుంది, మీ మానిటర్‌లో అది మౌనంగా ఉండటానికి కారణం అదే అయి ఉండాలి.

పియానో సంగతికి, మిడి ఇన్‌పుట్ల జాబితాలో కంట్రోలర్ పోర్టును "అన్ని ఇన్‌పుట్లు" గుంపులోంచి తీసేయండి. కీబోర్డు మాత్రం ఉంచండి. ఇది మర్చిపోతే ఆ నోట్లు ఏదో ఒకరోజు రికార్డింగ్‌లోకి కూడా ఎక్కేస్తాయి.

గదిలో మైకు
శనివారం ఉదయం 9:10

పియానో ఆగింది. ఫేడర్లు లేచాయి. కానీ ఇప్పుడు గజగజా వణుకుతున్నాయి. ఒకటో ఫేడర్ మీద వేలు పెట్టి పైకి తెచ్చి వదిలితే కొంచెం కిందికి, కొంచెం పైకి, మళ్లీ కిందికి. దగ్గరగా చెవి పెడితే జుయ్యిమని శబ్దం. భయమేసి పవర్ తీసేశాను.

పాత హెడ్‌ఫోన్
శనివారం ఉదయం 9:18

మోటార్ పోయినట్టుంది అన్నా. బెల్టు వదులైనా ఇలాగే వణుకుతుంది, నా స్నేహితుడి దానికి చూశాను.

ఎనిమిదో ఫేడర్
శనివారం ఉదయం 9:30

ఒక్క ఫేడర్ వణికితే నేనూ మీ మాటే అనేవాణ్ని. ఎనిమిదీ ఒకే ఉదయం, ఒక సెట్టింగు మార్చిన వెంటనే వణికితే మోటార్లను అనుమానించను.

మైకు గారూ, కంట్రోల్ సర్ఫేస్ పేజీలో ఎన్ని ఎంట్రీలు ఉన్నాయి? కొత్త వెర్షన్లు కొన్ని పరికరాన్ని తామే గుర్తుపట్టి సొంతంగా ఒక ఎంట్రీ వేసుకుంటాయి. పాతదీ కొత్తదీ రెండూ అదే పోర్టును పట్టుకుంటే, ఒక్క ఫేడర్‌కి ఇద్దరు ఆజ్ఞలిస్తారు. మీరు జరిపినదాన్ని రెండూ వింటాయి, రెండూ తిరిగి పంపుతాయి. పంపినవి ఒక క్షణం తేడాతో వస్తే వణుకే.

గదిలో మైకు
శనివారం ఉదయం 9:44

రెండు ఉన్నాయి! కిందికి స్క్రోల్ చేస్తే కానీ రెండోది కనపడలేదు. కొత్తది తీసేశాను, పాతది ఉంచాను. సాఫ్ట్‌వేర్ మూసి, కంట్రోలర్ ఆన్ చేసి, అప్పుడు సాఫ్ట్‌వేర్ తెరిచాను. తొమ్మిది ఫేడర్లూ ఒకేసారి లేచి తమ తమ స్థానాల్లో నిలబడ్డాయి. వణుకు లేదు. ఆ చప్పుడు విని రెండు రోజులైంది.

మెట్రోనోమ్
శనివారం ఉదయం 10:02

అభినందనలండీ. మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, నాదీ అప్‌గ్రేడ్ బాధే కానీ మ్యాక్ మీద. మ్యాక్‌ఓఎస్ కొత్త వెర్షన్ వేశాక మైకు సిగ్నల్ రావడం లేదు. ఇంటర్‌ఫేస్ మీద పచ్చలైటు వెలుగుతోంది, సాఫ్ట్‌వేర్‌లో మీటర్ మాత్రం చదునుగా ఉంది. ఎర్రర్ ఏమీ చూపించదు. రికార్డ్ చేస్తే సరళరేఖ వస్తోంది.

నల్ల కేబుల్
శనివారం ఉదయం 10:11

లైటు వెలిగి, మీటర్ చదునుగా ఉండి, ఎర్రర్ లేదంటే ముందు అనుమతి చూడండి. 2018లో వచ్చిన మొజావే నుంచి మ్యాక్‌లో ప్రతి ప్రోగ్రామూ మైకు వాడటానికి మీ అనుమతి తీసుకోవాలి. ఇంటర్‌ఫేస్‌లోని ఇన్‌పుట్లన్నీ దాని లెక్కలో మైకే. అనుమతి లేకపోతే చాలాసార్లు నిశ్శబ్దాన్నే అందిస్తుంది, ఆగి చెప్పదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దానిలో మైక్రోఫోన్. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పక్కన స్విచ్ ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్ మూసి తెరవండి.

విండోస్‌లోనూ ప్రైవసీ పేజీలో ఇలాంటి మైక్రోఫోన్ స్విచ్ ఉంది. మైకు గారూ, మీరూ ఒకసారి చూసుకోండి.

మెట్రోనోమ్
శనివారం ఉదయం 10:19

వచ్చింది! వారం రోజులుగా కేబుళ్లు మారుస్తున్నాను. చాలా చాలా థాంక్స్.

గదిలో మైకు
శనివారం ఉదయం 10:25

నాకు ఆ స్విచ్ ఆన్‌లోనే ఉంది. ఇప్పుడు మిగిలింది చిటపటలు, పైశ్రుతి. గొంతు మాత్రమే కాదు, పాటంతా కాస్త తొందరగా పరుగెడుతున్నట్టుంది.

సున్నా డెసిబెల్
శనివారం ఉదయం 10:50

ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను, ఈ ముక్క నేను అందుకుంటాను. పాట 44,100 హెర్ట్జ్‌లో, అంటే శబ్దాన్ని సెకనుకి అన్నిసార్లు కొలుస్తూ, రికార్డ్ చేసి ఉంటారు. దాన్ని మార్పిడి చేయకుండా 48,000లో నడిపిస్తే వేగమూ శ్రుతీ రెండూ దాదాపు తొమ్మిది శాతం పెరుగుతాయి. శ్రుతిలో చెప్పాలంటే ఒకటిన్నర సెమిటోన్‌కి (సెమిటోన్ అంటే పియానోలో పక్క మీటకి ఉన్న దూరం) దగ్గరగా పైకి వెళ్తుంది. అంటే ఒకటో శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నరనీ దాటి, రెండుకి అందకుండా మధ్యలో వినిపిస్తుంది. గొంతు మీది కానట్టు అనిపించింది అందుకే.

ఆడియో సెట్టింగుల్లో డ్రైవర్ ఏది ఎంచుకుని ఉందో చూడండి. అప్‌గ్రేడ్ తర్వాత మీ ఇంటర్‌ఫేస్ ఆసియో డ్రైవర్ (విండోస్ సౌండును దాటి ఇంటర్‌ఫేస్‌తో నేరుగా మాట్లాడేది) దొరక్క సిస్టమ్ సొంత సౌండుకి జారిపోయి ఉంటుంది, అది 48,000లో ఉండి ఉంటుంది. తయారీదారు సైట్ నుంచి విండోస్ 11కి సరిపడే డ్రైవర్ వేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆసియో ఎంచుకుని, ప్రాజెక్టు 44,100లోనే ఉంచండి. ప్రాజెక్టును 48,000కి మార్చమంటే వద్దనండి.

తర్వాత బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో లెక్కకట్టే శబ్దపు ముక్క. 44,100లో 64 శాంపిళ్లంటే సుమారు 1.5 మిల్లీసెకన్లు. 34 ట్రాకుల లెక్కంతా కంప్యూటర్ ఆ కాస్త వ్యవధిలో పూర్తిచేయాలి, చేయలేకపోతే చిటపట. 512 అంటే 11.6 మిల్లీసెకన్లు. పాడుతూ రికార్డ్ చేసేటప్పుడు అది ఆలస్యంగా తెలుస్తుంది కానీ మిక్స్ చేసేటప్పుడు ఇబ్బంది లేదు. మీరిప్పుడు మిక్స్‌లో ఉన్నారు, 512 పెట్టండి, 1024 అయినా ఫర్వాలేదు.

గదిలో మైకు
శనివారం మధ్యాహ్నం 12:30

డ్రైవర్ వేశాను. 44,100, బఫర్ 512. పాట పాటలా వినిపిస్తోంది, నా గొంతు నాకు తిరిగొచ్చింది. చిటపట పూర్తిగా పోయింది.

రెండు చిన్న సంగతులు మిగిలాయి. భోజనానికి లేచి వచ్చేసరికి కంప్యూటర్ నిద్రలోకి వెళ్లింది. లేపితే ఫేడర్లు మళ్లీ చచ్చినట్టు పడున్నాయి, తీసి పెడితే కానీ రాలేదు. రెండోది, గొంతుకి ప్రతిధ్వని ఇవ్వడానికి వాడిన పాత రివర్బ్ ప్లగిన్ దొరకలేదంటోంది.

నల్ల కేబుల్
శనివారం మధ్యాహ్నం 12:48

నిద్ర సంగతికి ముందు ఆ హబ్ తీసేయండి. అడాప్టర్ లేని యూఎస్‌బీ 2.0 హబ్‌కి కంప్యూటర్ నుంచి వచ్చేది మొత్తం 500 మిల్లీఆంపియర్లు, దాన్నే మూడు పరికరాలు పంచుకుంటున్నాయి. ఇంటర్‌ఫేస్ ఒక రంధ్రంలో, కంట్రోలర్ ఇంకో రంధ్రంలో నేరుగా పెట్టండి. కీబోర్డు హబ్‌లో ఉన్నా నష్టం లేదు. రంధ్రాలు మారితే పేరు మళ్లీ మారొచ్చు, కంట్రోల్ సర్ఫేస్ పేజీలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ చూసుకోండి. ఆ తర్వాత పవర్ ఆప్షన్లలో, వాడని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. ఈ వారాంతం వరకు కంప్యూటర్‌ను నిద్రపోనివ్వకండి.

సున్నా డెసిబెల్
శనివారం మధ్యాహ్నం 12:55

రివర్బ్ వీఎస్‌టీ2 అనే పాత ప్లగిన్ రకం అయి ఉంటుంది. స్టైన్‌బర్గ్ సంస్థ 2018లో వీఎస్‌టీ2 ప్లగిన్లు తయారుచేసే కిట్ ఇవ్వడం ఆపేసింది, కొత్త సాఫ్ట్‌వేర్లు కొన్ని దాన్ని తెరవడం మానేస్తున్నాయి. దానికి వీఎస్‌టీ3 రూపం ఉందేమో తయారీదారు దగ్గర చూడండి. ఉన్నా సెట్టింగులు అలాగే వస్తాయన్న నమ్మకం లేదు. పాత వెర్షన్ కంప్యూటర్‌లో ఉంటే, నిన్న తీసిన కాపీని అందులో తెరిచి ఆ రివర్బ్ ఒక్కదాన్నీ ఆడియో ట్రాక్‌గా ఎగుమతి చేసుకోండి. కొత్త దాంట్లోకి అది మామూలు ట్రాక్‌లా వస్తుంది.

గదిలో మైకు
ఆదివారం సాయంత్రం 6:40

పాత వెర్షన్ ఇంకా ఉంది. నల్ల కేబుల్ గారు తీయించిన కాపీ లేకపోతే అందులో తెరవడానికి నా దగ్గర ప్రాజెక్టే ఉండేది కాదు. రివర్బ్‌ను ఆడియోగా తెచ్చుకున్నాను. హబ్ తీసేశాక పేరు మళ్లీ మారింది, ఈసారి "3-". రెండు పోర్టులూ మార్చడానికి అర నిమిషం పట్టింది. రెండు రంధ్రాల పక్కనా లేబుళ్లు అంటించాను, ఒకటి ఇంటర్‌ఫేస్, ఒకటి కంట్రోలర్.

మూడో చరణం చివర గొంతు తగ్గుతూ పోయే చోటు మౌస్‌తో ఎన్నిసార్లు గీసినా నచ్చలేదు. ఇవాళ కళ్లు మూసుకుని ఫేడర్ మీద వేలు పెట్టి, పాట వింటూ కిందికి తెచ్చాను. ఒక్క టేక్. మళ్లీ ప్లే చేస్తే ఫేడర్ దానంతటదే అదే నిదానంతో దిగింది, నా చెయ్యి ఎక్కడ ఆగిందో అది కూడా అక్కడ కాసేపు ఆగింది.

మిక్స్ గంట క్రితం పంపించాను.

ఎనిమిదో ఫేడర్
ఆదివారం సాయంత్రం 7:02

ఆ ఆగిన చోటును సరిచేయకండి మైకు గారూ, అలాగే ఉంచండి.